రాజుగారి క్రియాటినిన్

మా ఇంట్లో నాది అయిదో నంబరు. మా ఆవిడ, అమ్మాయి, అబ్బాయి, రాజు, ఆ తర్వాత నేను. కుళ్లుకుని చెప్పడం లేదు, పెనం మీంచి దిగిన దోశ ఎవరి పళ్లెంలోకి ముందు వెళ్తుందో ఆ వరస చెబుతున్నాను. ఈమధ్య నాలుగో నంబరు ఖాళీ అయింది. అయినా నాకు ప్రమోషన్ రాలేదు. ఆ పోస్టు అలాగే ఖాళీగా ఉంచేశారు. మీ ఇంట్లో మీది ఎన్నో నంబరని నేను అడగను. కుక్కని పెంచిన మగాడి పరిస్థితి అడిగి తెలుసుకోవాల్సిన సంగతి కాదు.

రాజు మా లాబ్రడార్. తెచ్చిన రోజు నేను 'సీజర్' అని పెడదామన్నాను. అబ్బాయి 'థోర్' అన్నాడు. మా ఆవిడ వంటింట్లోంచి తొంగి కూడా చూడకుండా, "మీరు ఏదైనా అనుకోండి. అన్నానికి పిలిచేది నేను. నాకు నోరు తిరగాలి" అంది. అంతే, రాజు అయ్యాడు. ఆ పేరు మూలాన పదమూడేళ్ల తర్వాత ఆఫీసులో నేను ఎలాంటి ఇరకాటంలో పడ్డానో చెబుదామనే ఇదంతా ఎత్తుకున్నాను.

పొద్దున్నే బీఆర్టీఎస్ రోడ్డు మీద వాణ్ణి తిప్పే పని మాత్రం నాది. కుటుంబంలో నాకున్న ఏకైక హోదా అది. ఎదురొచ్చినవాళ్లు ఆగి, "అబ్బ, ఎంత నిగనిగలాడుతున్నాడండీ! ఏం పెడతారు?" అనేవాళ్లు. నేను పొట్ట లోపలికి పీల్చుకుని గుడ్లు, కోడి, గుమ్మడికాయ అంటూ ఉపన్యాసం మొదలెట్టేవాణ్ణి. ఆ గుడ్లు ఏ గిన్నెలో ఉడుకుతాయో కూడా నాకు తెలీదు. పొగడ్త వాడికి వస్తే నమస్కారం నేను పెట్టేవాణ్ణి.

తిండి దగ్గర రాజుకి హద్దూ అదుపూ లేదు. సంక్రాంతికి మా అత్తగారు పంపిన అరిసెలు పేపర్లతో సహా తినేశాడు. లాబ్రడార్లలో కొన్నిటికి జన్యువుల్లోనే ఒక తేడా ఉంటుందని, వాటికి ఆకలి ఎక్కువ కావడానికి అదో కారణమని 2016లో కేంబ్రిడ్జి శాస్త్రవేత్తలు కనిపెట్టారు. ఆ ముక్క అమ్మాయి ఫోన్లో చదివి వినిపిస్తే మా ఆవిడ సాంతం విని, "మనుషులకి కూడా ఆ పరీక్ష చేస్తారేమో కనుక్కో" అంది. ఎవర్ని ఉద్దేశించి అందో నేను ఆరా తీయలేదు.

ఆరా తీయకపోవడానికి కారణం ఉంది. నాకు కాస్త షుగరు. అర్ధరాత్రి బందరు లడ్డూ డబ్బా మీద నేను చేసే దాడులన్నీ పొద్దున్నకల్లా రాజు ఖాతాలో పడేవి. "వీడి పనే అయ్యుంటుంది" అని నేను కళ్లెర్రజేస్తే వాడు తోక ఊపి నేరం ఒప్పేసుకునేవాడు. మా ఆవిడ చాలాకాలం ఏమీ అనలేదు. ఒకరోజు మాత్రం డబ్బా చేతిలో పట్టుకుని, "రాజే తిన్నాడు, ఒప్పుకున్నాను. మరి మూత మళ్లీ ఎవరు పెట్టారు?" అంది.

అలాంటి వాడు ఓ వేసవిలో గిన్నెలకి గిన్నెలు నీళ్లు తాగడం మొదలెట్టాడు. బెజవాడ ఎండలు కదా అన్నాను నేను. తాగినదంతా రాత్రికి హాల్లోనే వదిలేస్తున్నాడు. ముసలాడయ్యాడు కదా అన్నాను. నా దగ్గర ప్రతి దానికీ ఒక కారణం ఉంటుంది. ఆ తర్వాత ఒక పొద్దున ఉడికించిన గుడ్డు ముందు పెడితే రాజు మొహం తిప్పుకున్నాడు. మా ఆవిడ పొయ్యి ఆపేసి నా వైపు చూసింది. ఈసారి నాకు కారణం తోచలేదు.

ఒళ్లు ముట్టుకుంటే వేడిగా అనిపించింది. అబ్బాయి థర్మామీటరు పెట్టాడు (ఎక్కడ పెడతారో కుక్కలున్నవాళ్లకి తెలుసు, లేనివాళ్లు అడగొద్దు). 101.8! నాకు కాళ్లు వణికాయి. నా నడుంనొప్పి మాత్రలో సగం విరిచి పెరుగన్నంలో కలపబోయాను. అబ్బాయి నా చెయ్యి పట్టుకుని, "నాన్నా, 101, 102 వాటికి మామూలు వేడి. ఆ మాత్రే గనక పడితే ఉన్న కిడ్నీలు కూడా పోతాయి" అన్నాడు. మనం చాక్లెట్లలా మింగే నొప్పి మాత్రలు కుక్కలకి విషమట. వాడు ఇంజినీరింగు రెండో ఏడు. ఇవన్నీ ఎప్పుడు నేర్చుకున్నాడో! నేను డిగ్రీలో బాటనీ చదివాను.

గన్నవరం పశువైద్య కళాశాల ఆస్పత్రికి బయల్దేరాం. రామవరప్పాడు దాటితే చాలు, రాజు ఎప్పుడూ కిటికీలోంచి మొహం బయటపెట్టి నిడమానూరు, గూడవల్లి అన్నీ వాసన చూసుకుంటూ వచ్చేవాడు. ఆ రోజు మా ఆవిడ ఒళ్లో తల పెట్టి పడుకున్నాడు. ముందు సీట్లో ఒంటరిగా కూర్చుని నేను దారి చెబుతున్నాను. దారి డ్రైవరుకి తెలుసు, ఫోనుకీ తెలుసు.

ఆస్పత్రి దగ్గర మా ముందు ఒక గేదె, దాని దూడ, రెండు మేకలు. గేదె తాలూకు పెద్దాయన రాజుని ఎగాదిగా చూసి, "ఏం చేస్తదండీ ఇది?" అన్నాడు. ఆయన గేదె పూటకి ఆరు లీటర్లు ఇస్తుందట. నేను తడబడ్డాను. కాపలా అందామంటే, మా ఇంట్లో దొంగ పడినప్పుడు రాజు వాడి బూట్లు నాకిన సంగతి వీధిలో అందరూ ఎరుగుదురు. మా ఆవిడే అంది, "ఈయన్ని పొద్దున్నే లేపి బయటికి తీసుకెళ్తాడండీ." పెద్దాయన నన్ను కూడా ఎగాదిగా చూసి, ఇది కష్టమైన పనే అన్నట్టు తలాడించాడు.

రక్తపరీక్షలో క్రియాటినిన్ 6.8 వచ్చింది. ఒకటిన్నర లోపు ఉండాలిట. డాక్టరమ్మ చిన్నపిల్ల, మా అమ్మాయి ఈడుది. మూత్రపిండాల్లో ముప్పాతిక వంతు పాడయ్యేదాకా ఈ అంకె పెద్దగా కదలదని, కదిలిందంటే అప్పటికే చాలా పోయినట్టని, పోయింది తిరిగి రాదని ఓపిగ్గా చెప్పింది. "మనుషుల నొప్పి మాత్రలేమైనా వేశారా?" అని కూడా అడిగింది. నేను ఫ్యాను వైపు చూశాను. అబ్బాయి నా వైపు చూశాడు.

ఆ తర్వాత నేను ఫాస్ఫరస్ అంటే ఏమిటి, పొటాషియం ఎంత ఉండాలి అని తెలివైన ప్రశ్నలు చాలా వేశాను. డాక్టరమ్మ అన్నిటికీ జవాబు చెప్పింది. చివర్లో మా ఆవిడ ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "వీడికి నొప్పిగా ఉందామ్మా?"

ఇంటికొచ్చాక సెలైన్ మొదలైంది. రెండు జబ్బల మధ్య వదులుగా ఉండే చర్మాన్ని పైకి లాగి, కిందకి సూది గుచ్చి, సెలైన్ సీసా ఎత్తి పట్టుకోవాలి. కాసేపటికి వీపు మీద ఒంటె మూపురంలా నీళ్ల బుడ్డ లేస్తుంది, అది మెల్లగా ఒంట్లోకి ఇంకుతుంది. సూది వెయ్యడం ఇంట్లో ఒకరు నేర్చుకోవాలని చెప్పారు. "ఇంకెవరు, నేనే" అన్నాను. రాజుని ఇంట్లో అందరికంటే ఎక్కువ ప్రేమించేది నేనని నాకు గట్టి నమ్మకం. "సోఫా ఎక్కావా గాడిదా" అని పొద్దస్తమానం వాణ్ణి తిట్టే మనిషి మా ఆవిడ. చేతికి స్పిరిట్ రాసుకుని, సూది మూత తీసి, దాని పొడవు చూశాను. తర్వాత నాకు గుర్తున్నది మొహం మీద చన్నీళ్లు. రాజు మాత్రం ఏమీ జరగనట్టు నా చెవి నాకుతున్నాడు.

సూది పని మా ఆవిడ పుచ్చుకుంది. తిడుతూనే గుచ్చేది. "కదిలావంటే చంపుతాను వెధవా, అదిగో, అయిపోయింది, అయిపోయింది నాన్నా" అనేది. వాడు ఒక్కసారి కూడా మూలిగేవాడు కాదు. నాకు సీసా పట్టుకునే ఉద్యోగం ఇచ్చారు. చెయ్యి లాగేస్తున్నా దించేవాణ్ణి కాదు. ఇంట్లో నా అవసరం ఇంతుందా అని లోలోపల కొంచెం పొంగిపోయాను కూడా. ఒక ఆదివారం అబ్బాయి సుత్తి తెచ్చి గోడకి మేకు కొట్టి సీసా దానికి తగిలించాడు. ఉద్యోగం ఊడింది.

తిండి కూడా మారిపోయింది. కోడి బంద్, ఉప్పు బంద్. అన్నం, గుడ్డులో తెల్లసొన, సొరకాయ. ఒక ముద్ద తినిపించడానికి మా ఆవిడ గంటసేపు నేల మీద కూర్చునేది. ఇంటికొచ్చిన చుట్టాలు చూసి, "కుక్కకి ఇంత సేవా!" అని ముక్కున వేలేసుకునేవాళ్లు. మా ఆవిడ తలెత్తకుండా, "ఈయనకి డెంగ్యూ వచ్చినప్పుడు కూడా చేశాను. ఆయన ఇంతకంటే ఎక్కువ సతాయించాడు" అనేది.

ఇప్పుడు ఆఫీసు సంగతికొస్తాను. నాది బ్యాంకు ఉద్యోగం. సెలవు కావాలి. కుక్కకి ఒంట్లో బాగాలేదు, సెలవివ్వండి అని మేనేజరుని అడగ్గలిగే మగాడు నాకింకా తటస్థపడలేదు. మీరు అడగ్గలరా? పెద్దత్త మేనమామ పోయాడంటే వెంటనే ఇస్తారు, ఆయన్ని మనం పెళ్లిలో ఒకసారి చూసుంటాం. పదమూడేళ్లు పాదాల దగ్గర పడుకున్నవాడు పోతున్నాడంటే నవ్వుతారు. నేను అబద్ధం ఆడలేదు. "మా రాజుకి కిడ్నీలు పాడయ్యాయి సార్, క్రియాటినిన్ ఆరు పాయింట్ ఎనిమిది" అన్నాను. అక్షరం అక్షరం నిజం.

మేనేజరు సంతకం పెట్టేశాడు. నేను సీటుకి వచ్చేసరికి బ్రాంచి మొత్తం నా చుట్టూ మూగింది.

"ఎంత వయసండీ?" 

"పదమూడు."

"అయ్యో! ఏం చదువుతున్నాడు?"

"చదువు లేదండీ. ఇంట్లోనే ఉంటాడు."

"బరువు తగ్గాడా?"

"ముప్ఫై రెండు కిలోలుండేవాడు. ఇరవై నాలుగుకి వచ్చాడు."

"పదమూడేళ్లకి ఇరవై నాలుగు కిలోలే! ఏమైనా తింటున్నాడా?"

"అసలు ముట్టడం లేదు. జుట్టు కూడా విపరీతంగా రాలిపోతోంది."

హెడ్ క్యాషియరమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. ఒకాయన ఆరోగ్యశ్రీలో పెట్టించమన్నాడు. ఇంకొకాయన, "మీ చుట్టాలది ఉద్దానమా?" అని అడిగి, పలాసలో 2023లో తెరిచిన కిడ్నీ ఆస్పత్రికి తీసుకెళ్లమన్నాడు. నేను అన్నిటికీ తలూపాను. నిజం చెబుతున్నాను, వాళ్లు అలా జాలిపడుతుంటే నాకు ఎంత హాయిగా ఉందో! ఇంట్లో అందరూ పనిచేసేవాళ్లే గానీ, నా భుజం మీద చెయ్యి వేసినవాళ్లు లేరు.

ఆ హాయి సాయంత్రం దాకా ఉంది. బల్లలు సర్దుతూ మా అటెండరు నా దగ్గరికొచ్చాడు. అతనిది ఆ ఉద్దానమే, సోంపేట దగ్గర పల్లె. కొబ్బరీ జీడీ తోటలు, వాటి మధ్య ఇంటింటికీ కిడ్నీ జబ్బు. ఎందుకొస్తోందో ఇప్పటికీ ఫలానా అని తేల్చినవాళ్లు లేరు. వాళ్ల నాన్న డయాలిసిస్ మీద ఉన్నాడు. నా చేతిలో ఒక కాగితం పెట్టాడు. కూరముక్కలు వేడినీళ్లలో నానబెట్టి ఆ నీళ్లు పారబొయ్యాలి, నీళ్లు కొలిచి తాగించాలి, ఏ పళ్లు పెట్టొచ్చు, ఏవి పెట్టకూడదు, అన్నీ గుండ్రటి అక్షరాల్లో రాసి ఉన్నాయి. "బెంగెట్టుకోకండి సార్. బాబుకి అలవాటైపోతాది" అన్నాడు.

రాత్రి నిద్రపట్టక మా ఆవిడకి మొత్తం చెప్పాను. లేచి కూర్చుంది. "రేపు పొద్దున్నే ఆ అబ్బాయికి నిజం చెప్పండి" అంది. చెబుతానన్నాను. ఏ ఉదయానికా ఉదయం, రేపు చెబుదాంలే అనుకున్నాను.

ఆదివారం అతనే మా ఇంటికొచ్చాడు, ఆపిల్ పళ్ల సంచీతో. కొబ్బరితోటల ఊరివాడు, మనమైతే రోగిని చూడ్డానికి కొబ్బరిబొండాలు పట్టుకెళ్తాం. అతను తేలేదు. కిడ్నీలు పాడైనవాళ్లకి ఆ నీళ్లు పడవని అతనికి తెలుసు. గేటు చప్పుడికి కిటికీలోంచి చూసి, నేను తిన్నగా బాత్‌రూములోకి వెళ్లి గడియ పెట్టుకున్నాను.

వెంటిలేటరులోంచి అంతా వినపడుతోంది. "బాబు ఎక్కడమ్మా?" అన్నాడు. "రా నాయనా" అని మా ఆవిడ వరండాలోకి తీసుకెళ్లింది. "వీడే రాజు. మా ఆయన మీకెవరికీ చెప్పలేదు. సిగ్గుపడ్డారు."

నేను కళ్లు గట్టిగా మూసుకున్నాను. ఎంతసేపటికీ మాట వినపడదు. కోపంతో వెళ్లిపోయాడేమో అనుకున్నాను. తర్వాత అతని గొంతు కిందనుంచి, నేల దగ్గర్నుంచి వచ్చింది. రాజు పక్కన గొంతుక్కూర్చున్నట్టున్నాడు. "నోటికాడ ఈ వాసన నాకు తెలుసమ్మా. మా అయ్య కాడ కూడా ఇదే." చాకు అడిగి ఆపిల్ కోశాడు, గింజలు ఏరేశాడు. రాజు ఒక ముక్క నాకి వదిలేశాడట. వెళ్లేటప్పుడు బాత్‌రూము తలుపు దగ్గరికొచ్చి, "సార్, ఇంక బయటికి రండి. ఆఫీసులో నేను చెప్పన్లెండి" అన్నాడు.

మర్నాడు నేను అతని కంటపడకుండా లెడ్జర్ల వెనక దాక్కుంటే అతనే వచ్చాడు. "మా అయ్యకి ఫోన్ చేసి చెప్పాను సార్. నాల్రోజుల్నుంచి ఎవరితోనూ మాట్లాడకుండా గోడవేపు తిరిగి పడుకున్నోడు, నవ్వాడు. కుక్కకి ఎన్ని పాయింట్లు అని అడిగాడు. తనకంటే తక్కువేనంట, రోజూ కనుక్కోమన్నాడు." ఆ తర్వాత రోజూ నేను రాజు సంగతి చెప్పేవాణ్ణి, అతను వాళ్ల నాన్న సంగతి చెప్పేవాడు. బ్రాంచిలో నేను నిజం మాట్లాడే ఒకే ఒక్క మనిషి అతను.

వర్షాలు మొదలయ్యేసరికి రాజు లేవలేకపోయాడు. రెండోసారి చేసిన పరీక్షలో అంకె ఇంకా పెరిగింది. నోట్లో పుళ్లు, నీళ్లు తాగినా వాంతి. ఇంక వాడికి బాధ లేకుండా పంపించడం గురించి ఆలోచించమని డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. నేను లేచి నిలబడ్డాను. ఇలాంటప్పుడు నాకు భారతం గుర్తొస్తుంది. "ధర్మరాజు అంతటివాడు, కుక్కని వదిలితేనే స్వర్గమని ఇంద్రుడు రథం తెచ్చి నిలబెడితే, ఆ స్వర్గమే వద్దన్నాడు" అని ఇంటికొచ్చాక హాలు మధ్యలో నిలబడి గంభీరంగా చెప్పాను.

మా ఆవిడ రాజు మూతి తడిగుడ్డతో తుడుస్తోంది. "అదే దారిలో ద్రౌపది పడిపోతే మాత్రం ఆ మహానుభావుడు వెనక్కి తిరిగి చూడలేదు" అంది. అబ్బాయి పుస్తకంలో మొహం దాచుకున్నాడు. నాకు ఆ పర్వం అక్కడితో ఆగిపోయింది.

కాసేపాగి ఆవిడే అంది. "ఆయన వదలనన్నది కుక్క కోసం. మీరు వద్దంటున్నది మీ కోసం."

అమ్మాయి హైదరాబాదునుంచి రాత్రి బస్సులో వచ్చింది. రాజు తోక చివర మాత్రం కదిలించాడు, నేల మీద రెండు చప్పుళ్లు. ఇంకో డాక్టరు ఇంటికే వచ్చాడు. ముందు మత్తు సూది, గాఢంగా నిద్రపోయాక రెండోది, అంతే, ఏమీ తెలీదు అని చెప్పాడు. కాగితం మీద సంతకం ఇంటి యజమానిది కావాలన్నాడు. మా ఆవిడ పెట్టింది. తల ఆవిడ ఒళ్లో ఉంది. వీపు మీద పిల్లలిద్దరి చేతులూ ఉన్నాయి. నేను ముందు కాలు పట్టుకుంటానన్నాను, పట్టుకున్నాను, కళ్లు మూసుకుని, నా శక్తంతా పెట్టి. కొంతసేపటికి డాక్టరు, "సార్, మీరు పట్టుకున్నది నా చెయ్యి. వదిలితే ఇంజెక్షను ఇస్తాను" అన్నాడు. అమ్మాయి ఏడుస్తూనే నవ్వేసింది. ఆ నవ్వు మధ్యలోనే రాజు నిద్రపోయాడు. "సోఫా ఎక్కు నాన్నా, ఎక్కు, ఏమీ అనను" అని మా ఆవిడ వాడి చెవిలో చెబుతోంది.

ఉయ్యూరు దగ్గర మా బావమరిది తోటలో మామిడిచెట్టు కింద గొయ్యి తీయించాం. ఛాతీ లోతు ఉండాలని, లేకపోతే నక్కలు తోడేస్తాయని బావమరిది దగ్గరుండి తవ్వించాడు, ఉప్పు బస్తా తెప్పించాడు. తల ఏ దిక్కుకి పెట్టాలని నేను అడిగాను. "కుక్కకి దిక్కేంటి బావా?" అన్నాడు. రాజుని పదమూడేళ్లూ తన వంటింటి గడప తొక్కనివ్వని మా అత్తగారు గట్టు మీంచి, "దక్షిణానికి పెట్టండి" అంది. తిరిగి ఇంటికొచ్చేసరికి గుమ్మంలో నీళ్ల బకెట్లు పెట్టి అడ్డంగా నిలబడింది. "అందరూ తలమీద నీళ్లు పోసుకున్నాకే లోపలికి." అంత గౌరవంగా వాణ్ణి చూసినవాళ్లు లేరు. పోసుకున్నాం. తల తుడుచుకునే నెపంతో నేను తువ్వాలు చాలాసేపు మొహం మీంచి తియ్యలేదు.

ఆ తర్వాత ఇంట్లో ఏడవడానికి నేను బాత్‌రూముని ఎంచుకున్నాను. చప్పుడు వినపడకుండా పంపు తిప్పి పెట్టేవాణ్ణి. ఇంటాయన కదా, ధైర్యంగా కనపడాలి. ఒకరోజు తలుపు మీద దబదబా బాదింది మా ఆవిడ. "ట్యాంకు ఖాళీ అయిపోతోంది. బయటికొచ్చి ఏడవండి!" వచ్చాను. ఆవిడ సోఫాలో రాజు పడుకునే మూల, దుప్పటి దులపకుండా కూర్చుని ఉంది. నాకు కొంచెం చోటిచ్చింది.

ఆఫీసు వాట్సాప్ గ్రూపులో 'మన మిత్రుని ఇంట విషాదం, చిరంజీవి రాజు ఆత్మకు శాంతి కలుగుగాక' అని దీపం బొమ్మతో వచ్చింది. వరసగా చేతులు జోడించిన బొమ్మలు. పదకొండో రోజు ఎప్పుడు, మేమంతా వస్తాం అన్నారు. నేను ఫోను దిండు కింద పెట్టేశాను. మా ఆవిడ దాన్ని తీసి, నేను అడ్డుపడేలోగా మేనేజరుకి ఫోన్ కలిపి, ఉన్నదంతా రెండు ముక్కల్లో చెప్పేసింది. అవతల్నుంచి ఆయన గొంతు నాకు కూడా వినపడింది.

"మొదటిరోజే తెలుసమ్మా. జుట్టు రాలిపోతోందన్నారు చూడండి, అప్పుడు ఆయన ప్యాంటు నిండా తెల్లటి బొచ్చుంది. సెలవు ఇవ్వాలంటే నాకు రాజు మనిషై ఉండాలి. అందుకని నేనేమీ అడగలేదు."

క్యాషియరమ్మకి కూడా తెలుసట. అయినా కళ్లొత్తుకోవడం మాత్రం నిజమేనట. అంతమందికీ తెలుసని తెలియనిది నాకొక్కడికే.

పొద్దున్నే నడకకి వెళ్లడం మానేశాను. చేతిలో తాడు లేకుండా ఆ రోడ్డు మీద నడుస్తుంటే ఎటు తిరగాలో తోచలేదు. ఏ స్తంభం దగ్గర ఆగాలో, ఏ గేటు ముందు పరుగెత్తాలో అన్నీ వాడే నిర్ణయించేవాడు. ఎదురొచ్చినవాళ్లు ఎవరూ ఆగలేదు, ఏం తింటారని అడగలేదు. నన్ను గుర్తుపట్టినట్టు కూడా లేరు. "ఇన్నాళ్లూ మీరు వాణ్ణి తిప్పారనుకుంటున్నారా?" అంది మా ఆవిడ.

నడక మానేస్తే ఒళ్లు ఊరుకుంటుందా! అమ్మాయి ఫోన్లో ఆర్డరేసింది, అబ్బాయి బండెక్కించి తీసుకెళ్లాడు, నాకు ఉన్న పరీక్షలన్నీ చేయించారు. షుగరు పెరిగింది. బీపీ కొత్తగా వచ్చి చేరింది. క్రియాటినిన్ 1.3. అది మామూలేనని, కాస్త జాగ్రత్తగా ఉంటే చాలని డాక్టరు చెప్పాడు. 'జాగ్రత్త' దాకానే మా ఆవిడ విన్నది.

మర్నాటినుంచి నా పళ్లెంలోకి సొరకాయ వచ్చింది. గుడ్డులో తెల్లసొన వచ్చింది. అటెండరు రాసిచ్చిన కాగితం ఫ్రిజ్ తలుపు మీదికి ఎక్కింది. బందరు లడ్డూ డబ్బా పైఅరలోకి పోయింది. పోయినా పెద్ద ఉపయోగం లేదు. ఇప్పుడు ఇంట్లో అనుమానితుడు ఒక్కడే.

నిన్న రాత్రి ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆపేశాను. "ఏమేవ్, ఇందులో ఉప్పు వెయ్యడం మర్చిపోయావు" అన్నాను.

"మర్చిపోలేదు."

"మరీ ఇంత చప్పగానా? ఎవరైనా తింటారా ఇలాంటి తిండి?"

మా ఆవిడ సొరకాయ కూర ఇంకో గరిటె వడ్డించి, గరిటె చివరతో పళ్లెం అంచు మీద టక్కున కొట్టింది. రాజుకి అలా కొడితేనే తినడం మొదలెట్టేవాడు.

"వాడు నెలలకి నెలలు తిన్నాడు. ఒక్కరోజైనా ఉప్పడిగాడా? తినండి."